జీపీఎస్‌లోంచి నేను తీసేసిన కాలం

ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. వాటన్నిటిలోకీ అందంగా ప్రింటయిన తప్పు ఒకటుంది. రంగుల్లో, గట్టి కాగితం మీద, కింద నా సంతకంతో. మా ఇంజినీరు గారు దాన్ని తన గదిలో గోడకు కూడా అంటించుకున్నారు. కొత్తగా సర్వే పనుల్లో చేరుతున్న పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని దాని గురించే రాస్తున్నాను. నా మంచి పనుల గురించి రాయమని ఎవరూ అడగలేదు. అడిగినా ఇన్ని పేజీలు రావు.

మా తాత సిక్కోలు వైపు సముద్రపొడ్డు నుంచి ఓడెక్కి వచ్చాడు. నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టాను. డెలానీపూర్‌లో ప్రభుత్వ క్వార్టరు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు, కోపమొస్తే మూడూ కలిపి. ఉద్యోగం సర్వేయరు. రోడ్లు, కల్వర్టులు, నీళ్ళ ట్యాంకులు ఎక్కడున్నాయో కొలిచి కాగితం మీద పెట్టడం నా పని.

సునామీ రోజు నేనెక్కడున్నానో, ఏం చూశానో ఇక్కడ రాయను. అందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు. ఇది ఆ తర్వాతి ఏడాది సంగతి. భూకంపానికి మా దక్షిణ అండమాన్ నేల కాస్త కుంగిపోయింది. వరి పండిన మళ్ళలో ఉప్పునీళ్ళు నిలిచాయి. పాత మ్యాపు పట్టుకుని వెళితే, పొలం అని రాసి ఉన్న చోట కొంగలు చేపలు పట్టుకుంటూ కనిపించేవి. మ్యాపులన్నీ మళ్ళీ మొదటినుంచీ గీయాల్సి వచ్చింది.

ఆ సమయంలో ఏదో సహాయ సంస్థ మా శాఖకు ఆరు జీపీఎస్ పరికరాలు ఇచ్చి వెళ్ళింది. ఇప్పటి మీ ఫోన్లను ఊహించుకోకండి. సబ్బు పెట్టెంత ఉండేవి. బూడిదరంగు తెర, రెండు పెన్సిల్ సెల్లులు, నాలుగు బొత్తాలు. ఆ రకంలో అంతకంటే చవకవి ఉండవని తర్వాత తెలిసింది. లోపల మ్యాపేమీ లేదు. మనమున్న చోటు అంకెల్లో చెబుతుంది. వెళ్ళాల్సిన చోటు వైపు ఒక బాణం చూపిస్తుంది. మనం వెళ్ళిన దారిని చీమల బారులాగా చుక్కలు చుక్కలుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కో చుక్క దగ్గర ఏ రోజు, ఎన్ని గంటలకు ఉన్నామో కూడా రాసుకుంటుంది. అంతే దాని విద్య.

ఆరింటిలో ఒకటి నా చేతికి వచ్చింది. నా తెలివితేటలు చూసి ఇచ్చారని చాలాకాలం నమ్మాను. మా సెక్షన్‌లో సొంత మోటారు సైకిలున్నది నా ఒక్కడికేనన్న సంగతి నాకు తట్టలేదు.

దాన్ని సైకిల్ ట్యూబు ముక్కలతో హ్యాండిల్ మధ్యలో బిగించి కట్టాను. మొదటి గతుకుకే ఆరిపోయింది. మోటారు సైకిలు కుదుపుకి లోపల సెల్లులు ఎగిరి స్ప్రింగును వదిలేస్తున్నాయి. మూడు రోజులు ఆలోచించి, మా ఆవిడ హవాయి చెప్పు మడమ దగ్గర కోసి, ఆ ముక్కను సెల్లుల వెనక దూర్చాను. ఇక ఎంత గతుకైనా ఆరలేదు. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. వానకు తడవకుండా ఒక ప్లాస్టిక్ కవరు తొడిగి, మూతికి రబ్బరు బ్యాండ్లు వేశాను. ఇంత పకడ్బందీగా నేను మా పిల్లల స్కూలు పుస్తకాలకు కూడా అట్టలు వేయలేదు.

బాణం దిక్కు చూపిస్తుంది కానీ దారి చూపించదు. ఈ తేడా నాకు ఒక వక్కతోటలో తెలిసింది. వెళ్ళాల్సిన నీళ్ళ ట్యాంకు తొమ్మిది వందల మీటర్ల దూరంలోనే ఉందని పరికరం చెప్పింది, రోడ్డేమో కొండ చుట్టూ తిరిగి పోతోంది. నేను బాణాన్ని నమ్మి బండి దించాను. తోట యజమానురాలు ఒక పెద్దావిడ, చేతిలో కత్తితో ఎదురొచ్చింది. ఆవిడ బెంగాలీలో ఏమందో నాకు అర్థం కాలేదు గానీ, దారి మాత్రం బాణం కంటే స్పష్టంగా చూపించింది.

అడవి చెట్ల కింద ఉపగ్రహాలు దొరకవు. అలాంటి చోట కట్లు విప్పి, పరికరాన్ని ఒక చేత్తో ఆకాశానికి ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో బండి నడిపేవాణ్ణి. ఎదురొచ్చే బస్సు డ్రైవర్లు నేను తమకు చెయ్యి ఊపుతున్నాననుకుని హారను కొట్టి పలకరించేవాళ్ళు. నేనూ తల ఊపేవాణ్ణి. ఆఫీసులో నాకు జీపీఎస్ సాబ్ అని పేరు పడింది. అది వెక్కిరింపని తెలుసుకోడానికి నాకు ఏడాది పట్టింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

బ్రూక్షాబాద్ దాటి దక్షిణంగా పోతే, ఒక ఉప్పునీటి పాయకు, మా వాడుకలో క్రీకుకు, అవతల చిన్న బస్తీ ఒకటుంది. ముప్పై చిల్లర ఇళ్ళు. పేరు రాయను. వాళ్ళు నన్ను ఎప్పుడో క్షమించేశారు, మళ్ళీ గుర్తుచేయడం దేనికి. ఆ బస్తీకి ఒకటే రోడ్డు. మడచెట్ల మధ్యగా నాలుగు వందల మీటర్ల కట్ట, దాని మీద తారు, రెండు పక్కలా తెల్లసున్నం కొట్టిన గట్టు రాళ్ళు. నేల కుంగాక ఆ కట్ట కూడా కిందికి దిగింది. అందుకని మా శాఖవాళ్ళు ఒక డింగీని, అంటే చిన్న ఇంజను పడవను కుదిర్చి, బస్తీ జనాన్ని అటూ ఇటూ దాటించే ఏర్పాటు చేశారు. డింగీ నడిపేది ఆ బస్తీ మనిషే, మన తెలుగువాడు. అతని భార్య కట్ట అవతలి కొసన నీలం టార్పాలిన్ కింద చాయ్ దుకాణం నడిపేది.

ఆ రోడ్డు పనికొస్తుందా లేదా చూసి రమ్మని ఇంజినీరు గారు నన్ను పంపారు. నేను వెళ్ళేసరికి ఉదయం పది. కట్ట పొడిగా ఉంది. రెండు పక్కలా బురద, బురదలో పీతలు. అక్కడక్కడ తారు లేచిపోయింది గానీ బండి హాయిగా పోయింది. చివరిదాకా వెళ్ళి చాయ్ అడిగాను. దుకాణం ఆవిడ గ్లాసు చేతికిస్తూ హ్యాండిల్ వైపు చూసింది.

"ఏటి భయ్యా అది? రేడియోనా?"

"కాదు దీదీ, జీపీఎస్. పైన తిరిగే ఉపగ్రహాల్తో మాట్లాడతాది. ఈ రోడ్డంతా ఇందులోకి ఎక్కిపోయింది."

"మరి నీళ్ళు? అయ్యి కూడా ఎక్కినాయా?"

"నీళ్ళేవీ? పొడిగానే ఉంది కదా."

ఆవిడ నవ్వింది. "ఈయేళ అష్టమి. పున్నమికి ఇదే టైముకి రండి, మీ బండి కాదు, మీరే మునిగిపోతారు. కాగితం రాసుకుంటన్నారు గదా, ఏ తిథికొచ్చినారో, ఎన్ని గంటలకొచ్చినారో అది కూడా రాసుకోండి."

"అదంతా దీనికి తెలుసు దీదీ," అన్నాను పరికరం మీద తడుతూ. "తారీఖు, టైము అన్నీ అదే రాసుకుంటది."

నేను అబద్ధం చెప్పలేదు. పరికరం నిజంగానే రాసుకుంది. నిమిషాలతో సహా.

ఆఫీసుకొచ్చి మ్యాపు చేయడానికి కూర్చున్నాను. కంప్యూటరులో రోడ్డును ఎర్రగీతగా, క్రీకును నీలంగా వేశాను. పక్కన ఒక పట్టిక. చుక్క నంబరు, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, తారీఖు, టైము. అన్నీ పెడితే పట్టిక పేజీ దాటి పోతోంది. కుదిస్తే అక్షరాలు చీమ తలకాయలంత అయిపోతున్నాయి. నాకు అందం ముఖ్యం. చివరి రెండు కాలాలు, అంటే తారీఖు, టైము రాసిన నిలువు వరసలు, తీసేశాను. రోడ్డు ఎక్కడికీ పోదు కదా, దాని టైముతో ఎవరికి పని అనుకున్నాను. పట్టిక చక్కగా పేజీ మధ్యకు వచ్చి కూర్చుంది. కింద ‘మోటారు వాహనాలు పూర్తిగా వెళ్ళవచ్చు’ అని రాసి సంతకం పెట్టాను. ఇంజినీరు గారు మెయిన్‌లాండ్ నుంచి బదిలీ మీద వచ్చినవారు. మాట పొదుపు. ఎవరినీ మెచ్చుకున్నట్టు నేను వినలేదు. అలాంటాయన మ్యాపును అటూ ఇటూ తిప్పి చూసి, "నీట్‌గా ఉంది," అన్నారు. ఆ రాత్రి నేను అన్నం ఎక్కువ తిన్నాను.

పదిహేను రోజుల తర్వాత ఒక ఉత్తర్వు వచ్చింది. రోడ్డు వాడుకలో ఉంది కాబట్టి డింగీ అవసరం లేదు, ఏర్పాటు రద్దు. దాని కాపీ నా టేబుల్ మీదుగానే వెళ్ళింది. నేను చదివాను. చదివినట్టు పొట్టి సంతకం పెట్టి పక్క టేబుల్‌కి తోశాను. దుకాణం ఆవిడ మాట ఒక్క క్షణం గుర్తొచ్చింది. అయినా పైవాళ్ళు అన్నీ చూసే చేసి ఉంటారులే అనుకున్నాను. పైవాళ్ళు చూసింది నా కాగితమేనని తట్టకపోవడానికి చాలా కష్టపడాలి. నేను పెద్దగా కష్టపడకుండానే సాధించాను.

బస్తీవాళ్ళు ఒక అర్జీ పెట్టుకున్నారు. మా ఆఫీసు నుంచి దానికి జవాబు వెళ్ళింది. జవాబుతో పాటు నా మ్యాపు జెరాక్సు జతచేశారు.

డింగీ నడిపే అతను ఏం చేస్తాడు? దూరంగా ఇంకో జెట్టీ దగ్గర చేపలవాళ్ళకు పని దొరికితే డింగీ తీసుకుని అక్కడికి పోయాడు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒక ఉదయం ఎనిమిదింటికి ఇంజినీరు గారి ఇంటికి ఫోను వచ్చింది. చేసింది ఆ బస్తీలో ఉండే నర్సు. ఒకామెకు నాలుగు రోజులుగా జ్వరం, కళ్ళు పచ్చబడ్డాయి, నిన్న సాయంత్రం నుంచి మూత్రం లేదు. ఎలుక జ్వరమని అనుమానం. అంబులెన్సు వేరే చోటికి వెళ్ళింది. మీ జీపు పంపితే పెద్దాసుపత్రికి తీసుకుపోతాం. ఇదీ కబురు. వానల తర్వాత నిలవనీళ్ళలో తిరిగేవాళ్ళకు మా దీవుల్లో ఆ జ్వరం వస్తుంది. ముదిరితే మనిషి దక్కడం కష్టం.

ఇంజినీరు గారు నాకు కబురు చేశారు. "నువ్వు గీసిన దారే కదా. ముందు నువ్వు వెళ్ళు, జీపు నీ వెనకాల వస్తుంది."

జీపు డ్రైవరు రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబంవాడు, మా శాఖలో నాకంటే సీనియరు. ఎనిమిదింపావుకల్లా ఇంజను ఆన్ చేసి నిలబడ్డాడు. నేను పరికరం నొక్కితే వెలగలేదు. సెల్లులు అయిపోయాయి.

"ఆగు, గోల్ ఘర్ బజారులో సెల్లులు కొనుక్కుని బయల్దేరదాం," అన్నాను.

డ్రైవరు నావైపు చూశాడు. "సాబ్, రాస్తా తో ఏక్ హీ హై. ఢూంఢ్నా క్యా హై?"

ఉన్నది ఒకటే రోడ్డు, వెతకడానికి ఏముందని అడుగుతున్నాడు. అయినా గోల్ ఘర్ వెళ్ళాం. దుకాణం ఇంకా తెరవలేదు. జీపీఎస్ సాబ్ జీపీఎస్ లేకుండా ఎలా వెళ్తాడు? దుకాణం ముందు నిలబడ్డాను. జీపు ఇంజను ఆడుతూనే ఉంది. షట్టరు లేచి, సెల్లులు కొని, వాటి వెనక హవాయి ముక్క దూర్చి, పైన ఉపగ్రహాలు దొరికేదాకా ఆగి బయల్దేరేసరికి నలభై నిమిషాలు పోయాయి. ఆ నలభై నిమిషాలు రాయడానికి నా చెయ్యి ఈనాటికీ సులువుగా కదలదు. అందుకే తొందరగా దాటిపోతున్నాను.

క్రీకు దగ్గరకు చేరేసరికి పది కావస్తోంది. మలుపు తిరిగి బ్రేకు వేశాను. ఎదురుగా రోడ్డు లేదు. మడచెట్ల మధ్య తళతళలాడే నీళ్ళు, రెండు వరసలుగా గట్టు రాళ్ళ తెల్లటి నెత్తులు. అవతలి కొసన నీలం టార్పాలిన్, దాని ముందు గుంపుగా జనం. ఆ రోజు పున్నమి.

హ్యాండిల్ మీద పరికరం బాణాన్ని తిన్నగా నీళ్ళలోకి చూపిస్తోంది. నాలుగు వందల ఇరవై మీటర్లు.

డ్రైవరు జీపు దిగి నీళ్ళ అంచుదాకా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అతను తిరిగి నావైపు చూసేలోగా నేను బండి గేరులో వేశాను. ఎంత లోతు ఉంటుందిలే, రాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి కదా అనుకున్నాను. ముప్పై గజాలు పోయాక నీళ్ళు ఇంజనును మింగాయి. ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. దిగుదామని కాలు పెడితే అక్కడ తారు లేదు, గుంట. నేనూ బండీ పక్కకు ఒరిగిపోయాం. నోట్లోకి ఉప్పునీళ్ళు, చెవిలోకి బురద. తేరుకుని లేచి చూస్తే నడుంలోతు నీళ్ళలో నేను, నీళ్ళ కింద నుంచి ఒక చిన్న వెలుగు. ప్లాస్టిక్ కవరులో పరికరం చక్కగా పనిచేస్తోంది. నేను సరైన దారిలోనే ఉన్నానని చూపిస్తోంది.

అవతలి గట్టు నుంచి నర్సు గొంతు వినిపించింది. "జీపెక్కడ? ఎనిమిదింటికి మోకాల్లోతే ఉంది! అప్పుడెందుకు రాలేదు?"

నేను వినబడనట్టు నటించాను. నాలుగు వందల మీటర్ల దూరం ఆ మాత్రం మేలు చేసింది.

నీళ్ళు తగ్గాలంటే ఇంకో మూడు గంటలు. అంతసేపు ఆగడానికి లేదని నర్సు అరిచి చెప్పింది. రోగికి బీపీ పడిపోతోంది. బోటు లేదు. బస్తీలో మగవాళ్ళు నలుగురైదుగురు అప్పటికే పని మొదలుపెట్టారు. సునామీ తర్వాత నీళ్ళు పట్టుకోడానికి ఇచ్చిన ప్లాస్టిక్ డ్రమ్ములు ఇంటింటికీ ఉన్నాయి. ఆరు డ్రమ్ములకు మూతలు బిగించి, వాటి మీద ఒక తలుపును తాళ్ళతో కట్టారు. నేను కట్ట వెంట ఈదుకుంటూ, నడుచుకుంటూ అవతలికి చేరాను. తలుపు మీద పరుపు వేసి ఆమెను పడుకోబెడుతున్నారు. మొహం చూశాను. చాయ్ దుకాణం ఆవిడ.

కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు.

నాకు ఆ పూట ఎవరూ పని చెప్పలేదు. నేనే ఒక వెదురు గెడ తీసుకుని ముందు నడిచాను. కట్ట మధ్యలో ఇంకా లోతు, అక్కడ గట్టు రాళ్ళ నెత్తులు కూడా కనబడలేదు; రోడ్డు అంచు ఎక్కడో గెడతో పొడిచి చూస్తూ, అరుస్తూ. బండి నుంచి విప్పి తెచ్చుకున్న పరికరం కూడా చేతిలోనే ఉంది, కానీ దానికి పది మీటర్ల అటూ ఇటూ తేడా మామూలు. రోడ్డు వెడల్పే మూడు మీటర్లు. కాబట్టి జేబులో పెట్టేసి గెడనే నమ్మాను. రెండుసార్లు నేను అంచు తప్పి పక్కన లోతులో పడ్డాను. రెండుసార్లూ వెనకనున్నవాళ్ళు నేను మునిగిన చోటును బట్టి తలుపును ఇటు తిప్పుకున్నారు. ఆ ఉద్యోగంలో నా శరీరం అంత కచ్చితమైన కొలత ఇంకెప్పుడూ ఇవ్వలేదు. తలుపుకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. నర్సు ఛాతీలోతు నీళ్ళలో సెలైను సీసా పైకెత్తి పట్టుకుని నడిచింది. నాలుగు వందల మీటర్లు దాటడానికి అరగంట పైనే పట్టింది. ఒడ్డున డ్రైవరు జీపు వెనక్కి తిప్పి, తలుపు తీసి, సీటు మీద దుప్పటి సర్ది సిద్ధంగా ఉన్నాడు. పెద్దాసుపత్రిదాకా హారను మీద నుంచి చెయ్యి తీయలేదు.

మధ్యాహ్నానికి ఆవిడ భర్త వచ్చాడు. ఎవరో ఫోను చేస్తే జెట్టీ నుంచి లారీ పట్టుకుని వచ్చాడు. చేతులకు ఇంకా చేపల పొలుసులు అంటుకునే ఉన్నాయి. వార్డు బయట బెంచీ మీద నేను ఎండిన బురదతో కూర్చుని ఉన్నాను. పక్కన కూర్చున్నాడు. ఆ పొలుసులు ఒక్కొక్కటే గోటితో గీక్కున్నాడు.

"సార్, నా బోటు ఎందుకాపించేసినారు?" అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగాడు.

పైవాళ్ళ నిర్ణయం అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. నోటిదాకా వచ్చింది.

"నేను రాసిన కాగితం వల్ల," అన్నాను. "రోడ్డు బాగుందని రాశాను. నీళ్ళ సంగతి రాయలేదు. మీ ఆవిడ చెప్పింది. అయినా రాయలేదు."

అతను నావైపు తిరిగి చూశాడు. తల నుంచి కాళ్ళదాకా. బురద, చిరిగిన మోచెయ్యి, ఒక్క కాలికే ఉన్న బూటు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"కాగితమేనా? అయితే మల్లీ రాయండి," అన్నాడు. "మీకు రాయడం వొచ్చు గదా."

అంతే. లేచి వార్డులోకి పోయాడు.

ఆవిడ పదహారు రోజులు ఆసుపత్రిలో ఉంది. మొదటి నాలుగు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. నేను రోజూ ఆఫీసు అయ్యాక వెళ్ళి డాక్టరును ఒకటే ప్రశ్న అడిగేవాణ్ణి. నలభై నిమిషాలు ముందు తెచ్చి ఉంటే తేడా ఉండేదా? నాలుగో రోజు ఆయన విసుక్కున్నారు. "అది నేనెలా చెప్పను? తెచ్చారు, మందు పనిచేస్తోంది. ఇంటికి పోయి పడుకోండి." ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడమే నాకు తగిన శిక్ష అనుకుంటాను.

ఐదో రోజున మూత్రపిండాలు దారిలో పడ్డాయి. ఎనిమిదో రోజున ఆవిడ లేచి కూర్చుని గంజి తాగుతోంది. నన్ను చూసి, గ్లాసు దించి, బలహీనంగా నవ్వింది.

"ఏటి భయ్యా, మునిగిపోయినారంటగా?"

"మునిగాను దీదీ."

"టైము రాసుకున్నారా?"

పక్క మంచం మీదావిడ కూడా నవ్వింది. అప్పటికే వార్డంతా కథ తెలిసిపోయినట్టుంది.

మరునాటి నుంచి సెలవు పెట్టి ఆ కట్ట దగ్గర కూర్చున్నాను. పదిహేను రోజులు. గట్టు రాయి ఒకదాని మీద తెల్లరంగుతో అంగుళాలు గీశాను. గంట గంటకూ నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో, ఏ తిథో, ఎన్ని గంటలో రాసుకున్నాను. తిథుల కోసం చాయ్ దుకాణం రాటకు వేలాడే తెలుగు క్యాలెండరు చూసేవాణ్ణి. బస్తీ పిల్లలు స్కూలుకు పోతూ, "అంకుల్, ఇంకా ఎంత?" అని నన్ను అడిగి చూసుకుని దాటేవాళ్ళు. నా ఉద్యోగంలో ఒకరికి ఉపయోగపడుతున్న సమాచారం నేను నోటితో ఇవ్వడం అదే మొదలు. పాడైన మోటారు సైకిలు మెకానిక్కు దగ్గర ఉంది, రోజూ బస్సులోనే వచ్చాను. జీపీఎస్ ఇంట్లో వదిలేశాను. మా ఆవిడ దాన్ని ఎక్కడ పెట్టిందో అడగడానికి ధైర్యం చాలలేదు.

అప్పుడు తెలిసింది. అష్టమి రోజున ఉదయం పదికి పొడి. పున్నమికీ, అమావాస్యకూ ఉదయం పదికే నిండు పోటు. ఒకే గంటకు రెండు సముద్రాలు. నేను మొదటిసారి వెళ్ళిన రోజు చుక్కల దారిని కంప్యూటరులో వెతికి తీశాను. తారీఖు ఉంది. టైము ఉంది. పది గంటల మూడు నిమిషాలు. చవక పరికరం పాపం, తనకు తెలిసిందంతా దాచకుండా చెప్పింది. దుకాణం ఆవిడా చెప్పింది. ఇద్దరూ ఒకే మాట చెబితే ఇద్దరి మాటనూ కొట్టేసినవాణ్ణి నేను.

రెండు పేజీల రిపోర్టు రాశాను. నెలలో ఏ రోజుల్లో, ఏ గంటల్లో ఆ కట్ట మీద బండి పోదో పట్టిక వేశాను. ఈసారి అక్షరాలు చీమ తలకాయలంతే వచ్చాయి, పేజీ పక్కకు పొడుచుకొచ్చింది, ఇంకో కాగితం జిగురుతో అతికించాల్సి వచ్చింది. రెండో పేజీలో, మొదటి మ్యాపులో తారీఖు, టైము ఉన్న కాలాలను నేనే తీసేశానని, అందంగా కనబడాలని తీసేశానని, రోగి కోసం వెళ్ళాల్సిన జీపును సెల్లుల కోసం నలభై నిమిషాలు ఆపానని రాశాను. మూడుసార్లు తిరగరాశాను. మూడుసార్లూ ‘పొరపాటున’ అనే మాట ఎక్కడినుంచో వచ్చి చేరింది. మూడోసారి కొట్టేశాను.

ఇంజినీరు గారు చదివేటప్పుడు నేను ఎదురుగానే నిలబడ్డాను. చదవడం అయ్యాక ఆయన లేచి, గోడ మీద నా రంగుల మ్యాపును జాగ్రత్తగా, టేపు చిరగకుండా ఊడదీసి, మడిచి ఫైలులో పెట్టారు. నన్ను పొమ్మని చేత్తో సైగ చేశారు. మెమో వస్తుందని వారం ఎదురు చూశాను. రాలేదు. మూడు వారాలకు డింగీని తిరిగి పెట్టమని ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాతి ఏడాది కట్టను ఎత్తు చేసి కొత్త రోడ్డు వేశారు.

ఆ ఫైలు ఏమైందో నాకు చాలాకాలం తెలియలేదు. ఇంజినీరు గారు బదిలీ మీద మెయిన్‌లాండ్ వెళ్ళిపోయాక, పాత కాగితాలు సర్దుతూ గుమాస్తా ఒకాయన నన్ను పిలిచి చూపించాడు. నా రెండు పేజీల రిపోర్టు పక్కన అంచులో, పెన్సిల్‌తో, పొదుపైన ఆ చేతిరాతలో ఇంగ్లీషులో రెండే ముక్కలు ఉన్నాయి. ‘ఈ ఉద్యోగి నుంచి వచ్చిన నమ్మదగిన నివేదిక. మొదటిది.’